పక్క డివిజన్ ఆర్డరు



పోయిన సర్వసభ్య సమావేశంలో లా చదువుతున్న మన పిల్ల ఒకతె లేచి ఒక మాట చెప్పింది. "మా కాలేజీలో అంతర్జాతీయ, తులనాత్మక న్యాయ కేంద్రం ఉంది. మన బడి సంగతి వాళ్ళ ముందు పెడదామా?" అని. అందరం నవ్వాం. మేమూ నవ్వాం. మూతబడబోతున్న తెలుగు సెక్షన్‌కీ అంతర్జాతీయానికీ ఏం సంబంధం అనుకున్నాం. ఇంటికొచ్చి పడుకున్నాక ఆ నవ్వుకు మాకే సిగ్గేసింది. అందుకే ఈ ఉత్తరం. పొడవైతే మన్నించాలి.

తులనాత్మక న్యాయం అంటే భయపడాల్సిందేమీ లేదు. ఒక దేశం చట్టాన్నీ, కోర్టు తీర్పునీ ఇంకో దేశానివాటి పక్కన పెట్టి చూడడం. ఇదే కష్టం వేరేవాళ్ళకు వచ్చినప్పుడు వాళ్ళేం చేశారు, అది మనకు పనికొస్తుందా లేదా అని తేల్చడం. ఇలాంటి కేంద్రాల్లో పంతుళ్ళూ పిల్లలూ చేసేది ఇదే. తీర్పులు వెదుకుతారు, సారం రాస్తారు, అంతర్జాతీయ ఒప్పందాల్లో మన దేశం ఏం ఒప్పుకుందో చూస్తారు, అవసరమైతే వకీళ్ళకు నోట్ తయారుచేసి ఇస్తారు.

రైల్వేలో గుమాస్తాగిరీ చేసిన మాకు ఇది కొత్త పని కాదు. ఒకసారి మా తోటి ఉద్యోగి జీతం ఫిక్సేషన్ ఫైలు మూడేళ్ళు కదల్లేదు. అర్జీ మీద అర్జీ పెట్టాం. చివరికి ఒక పెద్దాయన, "అర్జీ చాలించండి, పక్క డివిజన్‌లో ఇలాంటి కేసుకే ఇచ్చిన ఆర్డరు ఉంది, దాని కాపీ జతచెయ్యండి" అన్నాడు. జతచేశాం. మూడు వారాల్లో ఫైలు కదిలింది. ఆ ఆర్డరుకు మా ఆఫీసు కట్టుబడాలనే రూలేమీ లేదు. అయినా, వాళ్ళక్కడ ఇచ్చినప్పుడు ఇక్కడెందుకు ఇవ్వకూడదు అని అడిగితే, జవాబు రాయవలసిన బాధ్యత ఎదుటివాడి మీద పడుతుంది. తులనాత్మక న్యాయమంటే ఆ పక్క డివిజన్ ఆర్డరే.

ఒక పాత ఆర్డరు చూద్దాం. 1933లో అల్బేనియా తన రాజ్యాంగం మార్చి, దేశంలోని ప్రైవేటు బడులన్నీ మూసెయ్యాలంది. అక్కడి గ్రీకు భాషవాళ్ళు తమ ఖర్చుతో నడుపుకునే బడులు కూడా మూతపడ్డాయి. ప్రభుత్వం చెప్పిన న్యాయం ఏమిటంటే, "అందరివీ మూశాం కదా, ఇందులో తేడా ఎక్కడుంది?" అని. ఆ వివాదం నానాజాతి సమితి నుంచి హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. 1935 ఏప్రిల్‌లో ఆ కోర్టు అభిప్రాయం చెప్పింది. చట్టంలో సమానత్వం ఉంటే చాలదు, వాస్తవంలో కూడా ఉండాలి అంది. ఎక్కువమంది భాషవాళ్ళకు ప్రైవేటు బడి మూస్తే సర్కారు బడి ఉంది, తక్కువమంది భాషవాళ్ళకు బడి మూస్తే వాళ్ళ భాషే పోతుంది, కాబట్టి రెండూ ఒకటి కావు అంది.

"అందరికీ ఒకే రూలు" అనే మాట మనం ఎన్ని ఆఫీసుల్లో విన్నామో లెక్కలేదు. దానికి జవాబు తొంభై ఏళ్ళ కిందటే రాసిపెట్టి ఉంది. మనమే చదవలేదు.

అల్బేనియా సంగతి మనకెందుకు అంటారేమో. 1974లో అహ్మదాబాద్ సెంట్ జేవియర్స్ కాలేజీ కేసులో మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులతో కూర్చుని, అల్పసంఖ్యాకుల విద్యాసంస్థల హక్కుల మీద తీర్పిచ్చింది. ఆ తీర్పులో అల్బేనియా అభిప్రాయం ప్రస్తావనకు వచ్చింది. గ్రీకు పల్లె బడి మాట గుజరాత్ కాలేజీకి అక్కరకొచ్చింది. ఎవరో ఒకరు వెదికి, చదివి, కోర్టు ముందు పెట్టబట్టే కదా అది వచ్చింది.

అన్ని ఆర్డర్లూ మనకు అనుకూలంగా ఉండవు. అదీ చెప్పాలి. బెల్జియంలో డచ్చి ప్రాంతంలో ఉన్న ఫ్రెంచి తల్లిదండ్రులు తమ భాషలో చదువు చెప్పించమని యూరోపు మానవ హక్కుల కోర్టుకు వెళ్ళారు. 1968లో ఆ కోర్టు, చదువు హక్కు ఉంది గానీ కోరిన భాషలో ప్రభుత్వమే చెప్పాలని అడిగే హక్కు అందులో లేదు అంది. బ్రస్సెల్స్ చుట్టుపక్కల ఆరు ఊళ్ళలోని ఫ్రెంచి బడుల్లో, తల్లిదండ్రుల నివాసాన్ని బట్టి పిల్లలను చేర్చుకోకపోవడం ఒక్కటే తప్పంది. ఇలాంటిది ముందే తెలిస్తే మనం ఏది అడగాలో, ఏది అడిగితే ఓడిపోతామో తెలుస్తుంది. మనకు నచ్చింది మాత్రమే చెప్పే సలహాదారు మనకు అక్కరలేదు.

మాకు అన్నిటికంటే ఉపయోగంగా తోచింది కెనడా తీర్పు. ఎడ్మంటన్‌లోని ఫ్రెంచి తల్లిదండ్రుల కేసులో 1990లో అక్కడి సుప్రీంకోర్టు, పిల్లల సంఖ్యను బట్టి హక్కు మెట్లు మెట్లుగా పెరుగుతుందంది. కొద్దిమంది ఉంటే ఆ భాషలో చదువు, ఎక్కువమంది ఉంటే బడి, నిర్వహణలో తల్లిదండ్రులకు చోటు. ఆ సంఖ్య ఎలా లెక్కించాలో కూడా చెప్పింది. ఈరోజు అడుగుతున్న పిల్లలను మాత్రమే లెక్కపెడితే చాలదు, సౌకర్యం ఉంటే ముందుముందు వచ్చి చేరేవాళ్ళను కూడా అంచనా వెయ్యాలంది. మన దగ్గర సెక్షన్ మూసేటప్పుడు రిజిస్టరులో ఉన్న తలలే లెక్కపెడతారు. పంతులు లేక, పుస్తకం రాక వెళ్ళిపోయిన పిల్లలను ఎవరు లెక్కపెట్టారు?

నిజం చెప్పాలంటే, మనమూ లెక్కపెట్టలేదు. మన సంఘం బీరువాలో సన్మాన పత్రాల ఫొటోలున్నాయి, ఉగాది కరపత్రాలున్నాయి. ఏ వీధిలో ఎంతమంది తెలుగు పిల్లలున్నారు, ఎవరు ఏ తరగతిలో తెలుగు మానేశారు, ఎందుకు మానేశారు, ఒక్క కాగితం లేదు. ఏ న్యాయ కేంద్రమైనా మొదట అడిగేది అదే.

మన ఇంటి చట్టం తక్కువదేమీ కాదు. 1956లో చేర్చిన 350ఎ అధికరణం ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో చదువుకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రయత్నించమని రాష్ట్రాలకు చెబుతోంది. 30వ అధికరణం బడులు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇస్తోంది. 1979లో మన దేశం చేరిన పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందంలో 27వ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల గురించే. తమిళనాడులో 2006 చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసింది. పదో తరగతి పరీక్షలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు కోర్టులు మినహాయింపులిస్తూ వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక ఏడాది పొడిగించింది. ఏడాదికోసారి వాయిదా తెచ్చుకోవడం శాశ్వత పరిష్కారం కాదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం. తమిళం మాకు అన్నం పెట్టింది. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక పుత్తూరు, రేణిగుంట స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కున్నాం. ఇంట్లో మాట్లాడే భాషలో అమ్మకు ఒక్క ఉత్తరమైనా రాయలేకపోయాం. ఆ లోటు తమిళం వల్ల వచ్చింది కాదు, తెలుగు పక్కన లేకపోవడం వల్ల వచ్చింది. కాబట్టి మా అభిప్రాయంలో మనం అడగవలసింది తమిళం వద్దని కాదు, దాని పక్కన తెలుగుకు ఒక పీట వెయ్యమని. అలాగే చిత్తూరు పక్కల తమిళ పిల్లలకు తమిళ బడి ఉండాలని కూడా మనమే గట్టిగా అనాలి. పక్క డివిజన్ ఆర్డరు చూపించేవాడు తన డివిజన్ ఆర్డరు దాచకూడదు.

కార్యవర్గానికి మా విన్నపం మూడు మాటలు. ఒకటి, ఈ వేసవిలో వీధివీధికీ తిరిగి పిల్లల లెక్క తియ్యాలి. రెండు, ఆ పిల్ల చెప్పిన కేంద్రానికి సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయాలి. ప్రతి లా కాలేజీలో న్యాయ సహాయ కేంద్రం ఉండాలని బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లోనే ఉంది కనుక అడగడానికి మొహమాటం అక్కరలేదు. మూడు, ఈ ఏడు శాలువాల ఖర్చు తగ్గించి కాపీలకూ ప్రయాణాలకూ పెట్టాలి.

లెక్క పుస్తకం మేము రాస్తాం. ముప్పై ఏళ్ళు రాసిన చెయ్యి, ఇంకా వణకడం లేదు. తిరగడానికి కాళ్ళున్న పిల్లలు నలుగురు కావాలి. ఆ రోజు మనం నవ్విన పిల్లను మొదట పిలవండి.