పొగ కాదు.. ముందు కరెంట్ మీటర్ చూడండి! ఎడ్లపాడు మిర్చి యూనిట్ల ముందుకొస్తున్న కార్బన్ లెక్క

మిర్చి కొనేవాళ్లు ఇప్పటిదాకా రంగు, ఘాటు, తేమ, పురుగుమందుల అవశేషాలు.. ఇవే అడిగేవారు. ఇప్పుడు ఆ జాబితాలోకి ఇంకో ప్రశ్న చేరుతోంది. ఈ సరుకు తయారీలో ఎంత కార్బన్ గాల్లో కలిసింది? పల్నాడు జిల్లా ఎడ్లపాడు లాంటి చోట ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది పెద్ద కంపెనీలే కాదు. వాటికి సరుకు ఇచ్చే చిన్న యూనిట్లు, చివరికి రైతు కూడా!

ఎడ్లపాడుకు ఎందుకీ లెక్క?

ఎడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ బోర్డు పార్క్ ఉంది. అదే ఊళ్లో ఐటీసీ సుమారు 200 కోట్లతో కట్టిన సుగంధ ద్రవ్యాల ప్రాసెసింగ్ యూనిట్ 2022 నవంబర్‌లో ప్రారంభమైంది. చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగ్, స్పిన్నింగ్ మిల్లులు ఉండనే ఉన్నాయి.

స్టాక్ మార్కెట్‌లో టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి తమ ఉద్గారాలను ఏటా బయటపెట్టాలని సెబీ నిబంధన పెట్టింది. ముఖ్యమైన అంకెలను బయటి సంస్థతో తనిఖీ చేయించడం 2023-24లో టాప్ 150 కంపెనీలతో మొదలైంది. 2026-27 నాటికి మొత్తం 1000కి వర్తిస్తుంది. సరఫరాదారుల వివరాలు ఇవ్వడం మాత్రం 2025-26 నుంచి స్వచ్ఛందం అన్నారు. అంటే ఎడ్లపాడులోని చిన్న మిల్లు మీద ఈ చట్టం నేరుగా లేదు. కానీ కొనే కంపెనీ ఫారం పంపిస్తే 'మాకు తెలీదు' అనడం వ్యాపారానికి మంచిది కాదు కదా!

లెక్క ఎలా వేస్తారు?

ప్రపంచమంతా వాడే పద్ధతిలో మూడు ఖాతాలుంటాయి. స్కోప్-1 అంటే యూనిట్‌లోనే కాలేది.. జనరేటర్ డీజిల్, బాయిలర్ బొగ్గు, సొంత లారీలు. స్కోప్-2 అంటే కొన్న కరెంట్. స్కోప్-3 అంటే గేటు బయట జరిగేదంతా.. కొన్న పంట, అద్దె లారీ, ఓడ రవాణా, ప్యాకింగ్.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక యూనిట్ నెలకు లక్ష యూనిట్ల కరెంట్, వెయ్యి లీటర్ల డీజిల్ వాడుతోంది అనుకుందాం. లీటర్ డీజిల్ కాలిస్తే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే నెలకు 2.7 టన్నులు. మన గ్రిడ్‌లో బొగ్గు కరెంట్ ఎక్కువ కాబట్టి ఒక్కో యూనిట్‌కు సుమారు 0.7 కిలో పడుతుంది. అంటే 70 టన్నులు! నల్లటి పొగ వదిలే జనరేటర్ అందరి కంటా పడుతుంది. చప్పుడు లేకుండా తిరిగే మీటర్ దానికి పాతిక రెట్లు పైనే.

అమ్మోనియాతో నడిచే కోల్డ్ స్టోరేజీలదీ ఇదే కథ. అమ్మోనియా లీకైతే మనుషులకు ప్రమాదమే కానీ, అది భూమిని వేడెక్కించే వాయువు కాదు. అక్కడ కూడా అసలు లెక్క కరెంట్ బిల్లులోనే ఉంటుంది.

అసలు బరువు పొలంలోనే

వ్యవసాయ సరుకులతో నడిచే కంపెనీలకు ఎక్కువ భాగం స్కోప్-3లోనే తేలుతుంది. మిర్చిని మన రైతు కల్లాల్లో ఎండలోనే ఆరబెడతాడు. దానికి ఇంధనం ఖర్చు లేదు. చిక్కంతా ఎరువుతోనే.

45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. అందులో 1 శాతం దాకా నైట్రస్ ఆక్సైడ్‌గా గాల్లోకి పోతుందని ఐపీసీసీ సాధారణ లెక్క. ఈ వాయువు వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు ఎక్కువ వేడి పెంచుతుంది. అలా చూస్తే ఒక్క బస్తా దాదాపు 90 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. 33 లీటర్ల డీజిల్ కాల్చినట్టే!

తగ్గించడం ఎక్కడ మొదలు?

- ముందు 12 నెలల కరెంట్, డీజిల్ బిల్లులు ఒకచోట పెట్టి ఒక ఏడాదిని ఆధార సంవత్సరంగా తీసుకోవాలి. దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు.
- తర్వాత వృథా. పాత మోటార్లు, గాలి లీకయ్యే కంప్రెసర్ పైపులు, సరిగా మూసుకోని కోల్డ్ రూమ్ తలుపులు. ఇక్కడ తగ్గిన ప్రతి యూనిట్ బిల్లులోనూ తగ్గుతుంది.
- ఆ తర్వాతే సోలార్. 100 కిలోవాట్ల ప్లాంట్ నెలకు సుమారు 12 వేల యూనిట్లు ఇస్తుంది. పై ఉదాహరణలో అది ఎనిమిదో వంతు లోపే. ప్యానెల్స్ పెట్టాం, పని అయిపోయింది అనుకుంటే పొరపాటే.

అంకెల్లో మోసపోవద్దు

ధర పడిపోయి మిల్లు సగం రోజులే నడిస్తే ఉద్గారాలు వాటంతటవే తగ్గుతాయి. దాన్ని విజయం అనలేం. అందుకే మొత్తం టన్నులతో పాటు, టన్ను సరుకుకు ఎంత అన్నది కూడా చూడాలి. వాడకం తగ్గించకుండా నాలుగు మొక్కలు నాటి ఫొటో దిగితే లెక్క మారదు.

భారం ఎవరి మీద?

అసలు ప్రశ్న ఇదే. 2025 ఆరంభంలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి దెబ్బ తిన్న రైతునే ఎరువు తగ్గించు, పుస్తకంలో రాసిపెట్టు, పైసా ఎక్కువ అడక్కు అంటే ఎవరు వింటారు?

భూసార పరీక్ష చేయించి, డ్రిప్‌తో కొద్దికొద్దిగా ఎరువు అందిస్తే యూరియా వాడకం తగ్గించుకోవచ్చు. ఆ మేరకు రైతుకు ఖర్చూ మిగులుతుంది. కానీ మొదటి ఏడాది దిగుబడి తగ్గుతుందేమోనన్న భయం రైతుది. తగ్గిన కార్బన్ అంకె మాత్రం కంపెనీ నివేదికలోకి వెళ్తుంది. లాభం నివేదికలో, రిస్క్ పొలంలో ఉంటే ఈ లెక్క ఎక్కువ కాలం నిలవదు. పరీక్షల ఖర్చు కొనేవాళ్లు పెట్టుకోవాలి, లెక్క రాసే రైతుకు ధరలో తేడా చూపించాలి. ఫారాలు రాకముందే ఎడ్లపాడు యూనిట్లు, రైతు సంఘాలు కలిసి ఈ మాట అడగడం మంచిది. ఒప్పందం మీద సంతకం పెట్టాక అడిగితే వినే వాళ్లుండరు.