రంగు పొడి ఆపుదాం, ఆకు పెడదాం, ఎండ చూపిద్దాం

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, మణికొండ అపార్ట్‌మెంట్ల వాసులారా!

పోయిన ఎండాకాలం మా పక్క ఫ్లాటులో ఓ ఇగువానాను చూశాను. తొమ్మిదో అంతస్తు, హాల్లో గాజు పెట్టె, అందులో వెలిసిపోయిన పచ్చటి బల్లి జాతి ప్రాణి. రంగు తేలడం లేదని ఆ ఇంటి అబ్బాయి ఏదో షాపులో కొన్న ఎర్రటి పొడిని లెట్యూస్ మీద చల్లి రోజూ పెట్టాడు. పొట్లం మీద అందులో ఏముందో ఒక్క ముక్క రాసి లేదు. పశువుల డాక్టరుగారు దాని దవడను వేలితో నొక్కితే రబ్బరులా వంగింది. పిల్లవాడు అక్కడే ఏడ్చేశాడు.

దానికి కరువైనవి కాల్షియం, ఎండ. మన అద్దాల మేడల్లో వెలుతురుకు లోటు లేదు. కానీ ఎండలోని యూవీ-బి కిరణాలను కిటికీ అద్దమే ఆపేస్తుంది. అవి ఒంటికి తగలకపోతే విటమిన్ డి3 తయారు కాదు, తిన్న కాల్షియం ఎముకకు పట్టదు.

తిండితో రంగు వస్తుందన్న మాట నిజమే. పులికాట్ ఫ్లెమింగోల గులాబీ రంగు అవి తినే నాచు, చిన్న రొయ్యల నుంచే వస్తుంది. గుడ్డు సొన పచ్చగా ఉండాలని కోళ్ల దాణాలో బంతిపూల సారం కలుపుతారు. ఊరూపేరూ లేని పొడి సంగతి వేరు. అలంకార చేపలకు త్వరగా రంగెక్కాలని మగ హార్మోన్లు పెట్టేవాళ్లున్నారు. ఇంటికొచ్చాక ఆ రంగు దిగిపోతుంది. కాంథాక్సాంథిన్ అనే రంగును ఒళ్లు నిగారించాలని మాత్రలుగా మింగిన మనుషులకు కంటి రెటీనాలో స్ఫటికాలు పేరుకున్నాయి. అదే రంగును దాణాలోనూ కలుపుతారు కాబట్టి 2003లో యూరోపియన్ యూనియన్ అందులో దాని మోతాదు తగ్గించింది.

ఇగువానాకు మునగాకు, మందార ఆకులు, పువ్వులు, గుమ్మడికాయ తురుము పెట్టండి. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్ కాల్షియంను ఒంటికి పట్టనివ్వదు. బంతి రేకులు పెట్టాలనుకుంటే గుడిమల్కాపూర్ మార్కెట్ పూలు తేకండి, పురుగుమందు కొట్టి ఉండవచ్చు. బాల్కనీ కుండీలో పూసినవి చాలు. పొద్దున్నే కాసేపు వల కట్టిన బాల్కనీలో, అద్దం అడ్డులేకుండా, పక్కనే కాస్త నీడ ఉండేలా వదలండి.

అసోసియేషన్ పెద్దలను నేను అడిగేది ఇది: కాంపౌండు గోడ పక్కన రెండు మునగ చెట్లు, నాలుగు మందార మొక్కలు నాటించండి. ఆఫీసు లాబీల్లో ఆక్వేరియం కాంట్రాక్టులు చూసేవారు చేపల తిండిలో ఏమేం ఉన్నాయో రాయించి తీసుకోండి. ఇక షాపుకు వెళ్లే ప్రతి ఒక్కరూ పొట్లం తిప్పి చూడండి. వివరం లేకపోతే కౌంటర్ మీదే పెట్టేసి రండి.