నేషన్స్ కప్: గెలిచి ఎక్కిన మెట్టు.. నిలవలేక దిగిన జట్టు
• మహిళల హాకీలో ద్వితీయ శ్రేణి టోర్నీ నేర్పుతున్న పాఠం
• అయిదు మ్యాచ్‌ల విజయానికి, పదహారు మ్యాచ్‌ల పరీక్షకు నడుమ అంతరం

స్పెయిన్‌లోని వలెన్సియాలో 2022 డిసెంబరు 17న భారత మహిళల హాకీ జట్టు తొలి నేషన్స్ కప్‌ను కైవసం చేసుకుంది. ఆ గెలుపుతో అగ్రశ్రేణి ప్రొ లీగ్‌లో అడుగుపెట్టే అర్హత సాధించింది. రెండున్నరేళ్లు తిరిగేసరికి, 2025 జూన్ నెలాఖరున, అదే జట్టు ప్రొ లీగ్ పట్టికలో అట్టడుగున నిలిచి మళ్లీ నేషన్స్ కప్ స్థాయికి దిగజారింది. ఒకే తరం క్రీడాకారిణులు ఇంత తక్కువ వ్యవధిలో పైకెక్కి కిందికి జారడం వెనుక కారణాలను పరిశీలిస్తే, లోపం ప్రతిభలో కంటే ఆడే అవకాశాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఒక్కరికే ప్రవేశం

అంతర్జాతీయ హాకీ సమాఖ్య ప్రొ లీగ్‌ను 2019లో ప్రారంభించింది. ఇందులో తొమ్మిది జట్లు తలపడతాయి. ఒక్కో జట్టు సీజన్‌లో పదహారు మ్యాచ్‌లు ఆడుతుంది. ఆ తర్వాతి శ్రేణి జట్ల కోసం 2022లో నేషన్స్ కప్‌ను ప్రవేశపెట్టారు. ఎనిమిది జట్లతో సుమారు వారం రోజుల్లో ఈ టోర్నీ ముగుస్తుంది. విజేతకు మాత్రమే ప్రొ లీగ్ తలుపు తెరుచుకుంటుంది. ప్రొ లీగ్‌లో చివరి స్థానంలో నిలిచిన జట్టు కిందికి దిగాల్సి ఉంటుంది. రన్నరప్‌కు పతకం దక్కినా పదోన్నతి హక్కు దక్కదు. అందుకే పేరుకు ద్వితీయ శ్రేణి అయినా ఫైనల్ మ్యాచ్‌లో ఒత్తిడి అగ్రశ్రేణికి ఏమాత్రం తీసిపోదు.

మూడో స్థానం వచ్చినా దక్కని సీటు

నిజానికి భారత జట్టు 2021-22 సీజన్‌లోనే ప్రొ లీగ్ ఆడింది. కరోనా కారణంగా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తప్పుకోవడంతో భారత్, స్పెయిన్‌లకు ఆ స్థానాలు లభించాయి. తొలి ప్రయత్నంలోనే మన జట్టు మూడో స్థానంలో నిలిచింది. అయితే అది ప్రత్యామ్నాయంగా దక్కిన అవకాశం మాత్రమే కావడంతో మరుసటి సీజన్‌లో చోటు లేకుండా పోయింది. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం సాధించిన జట్టు సైతం వలెన్సియాలో అర్హతను నిరూపించుకోవాల్సి వచ్చింది.

అక్కడ చిలీపై 3-1, జపాన్‌పై 2-1, దక్షిణాఫ్రికాపై 2-0 తేడాతో నెగ్గి గ్రూపులో అగ్రస్థానం దక్కించుకుంది. సెమీఫైనల్లో ఐర్లాండ్‌తో 1-1గా ముగిసిన పోరును షూటౌట్‌లో 2-1తో గెలిచింది. ఫైనల్లో ఆతిథ్య స్పెయిన్‌పై ఆరో నిమిషంలో గుర్జీత్ కౌర్ పెనాల్టీ కార్నర్‌ను గోల్‌గా మలచింది. ఆ ఒక్క గోలును కెప్టెన్, గోల్‌కీపర్ సవిత సారథ్యంలోని రక్షణ శ్రేణి చివరి వరకు కాపాడింది. అదే ఏడాది జులైలో ప్రపంచకప్‌లో క్వార్టర్స్ ఆశలకు ఇదే 1-0 తేడాతో గండికొట్టింది స్పెయినే కావడం గమనార్హం.

గోలు తేడాతో చేజారిన స్థానం

ఆ తర్వాత పరిస్థితి తారుమారైంది. 2024 జనవరిలో రాంచీలో జరిగిన ఒలింపిక్ అర్హత టోర్నీ సెమీస్‌లో జర్మనీ చేతిలో షూటౌట్‌లోనూ, మూడో స్థానం పోరులో జపాన్ చేతిలో 0-1తోనూ ఓడి పారిస్ ఒలింపిక్స్‌కు దూరమైంది. వలెన్సియాలో కలిసొచ్చిన షూటౌట్ రాంచీలో ఎదురుతిరిగింది. 2024 నవంబరులో రాజ్‌గిర్‌లో చైనాను ఓడించి ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీ గెలిచినప్పటికీ, ఏడాది పొడవునా అదే స్థాయిని నిలుపుకోలేకపోయింది.

2025 జూన్‌లో ఐరోపా పర్యటన అసలు దెబ్బ తీసింది. లండన్, యాంట్‌వెర్ప్, బెర్లిన్ నగరాల్లో ఆస్ట్రేలియా, అర్జెంటీనా, బెల్జియం, చైనాలతో ఆడిన ఎనిమిది మ్యాచ్‌లలోనూ ఓటమే ఎదురైంది. వాటిలో నాలుగు కేవలం ఒక్క గోలు తేడాతో చేజారినవే. ప్రొ లీగ్‌లో విజయానికి మూడు పాయింట్లు, డ్రాకు ఒక పాయింటు, షూటౌట్ నెగ్గితే అదనంగా మరో పాయింటు లభిస్తాయి. ఆ నాలుగింటిని కనీసం సమం చేసుకున్నా పట్టికలో కొంత ఊరట దక్కేది. సీజన్ మొత్తంమీద పది పాయింట్లతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ స్పెయిన్. వలెన్సియా ఫైనల్లో ఓడిన ఆ జట్టు 2024 జూన్‌లో టెరాసాలో నేషన్స్ కప్ గెలిచి ప్రొ లీగ్‌కు చేరింది. భారత్ దిగిపోయిన 2024-25 సీజన్‌లో స్పెయిన్ తన స్థానాన్ని నిలబెట్టుకుంది. గెలిచి పైకి వెళ్లడం ఒక ఎత్తు కాగా, అక్కడ నిలదొక్కుకోవడం మరో ఎత్తని ఈ రెండు జట్ల ప్రస్థానం చాటుతోంది.

మ్యాచ్‌ల లెక్కే కీలకం

ద్వితీయ శ్రేణికి దిగడమంటే పరువు పోవడం ఒక్కటే కాదు. మేటి జట్లతో పదహారు మ్యాచ్‌లు ఆడే వీలు పోయి, ఫైనల్ చేరితే అయిదు మ్యాచ్‌ల టోర్నీ మిగులుతుంది. ఆటలో లోపాలు బయటపడేది, అవి సరిదిద్దుకునేది మేటి జట్లతో తరచూ తలపడినప్పుడే. వారం రోజుల టోర్నీలో ఒక మంచి రోజు, ఒక షూటౌట్ జట్టును గట్టెక్కించవచ్చు. నెలల తరబడి సాగే లీగ్‌లో ప్రత్యామ్నాయ క్రీడాకారిణుల బలం, దేహదారుఢ్యం, రెండో గోల్‌కీపర్ అనుభవం సైతం పరీక్షకు నిలుస్తాయి. 2025 జనవరిలో నాలుగు జట్లతో రాంచీలో మహిళల హాకీ ఇండియా లీగ్ ఆరంభం కావడం ఈ లోటును తీర్చే దిశగా మంచి అడుగే. అయితే ఒక్క లీగ్‌తో పునాది బలపడదు.

జిల్లాలకూ ఇదే వర్తింపు

ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎర్రవారిపాలెం మండలం ఎనుములవారిపల్లెకు చెందిన గోల్‌కీపర్ ఇ.రజని 2018 ఆసియా క్రీడల్లో రజతం నెగ్గిన జట్టులో సభ్యురాలు. మారుమూల పల్లె నుంచి ఒక బాలిక జాతీయ జట్టు గోల్‌పోస్టు ముందు నిలబడగలిగింది. ఆ బాటలో మరికొందరు ఎందుకు రాలేకపోతున్నారన్నదే ప్రశ్న. 2023 ఫిబ్రవరిలో జాతీయ సీనియర్ మహిళల హాకీ పోటీలకు కాకినాడ ఆతిథ్యమిచ్చింది. 2026 మార్చిలో మహిళల ప్రపంచకప్ అర్హత టోర్నీ నిర్వహణ హైదరాబాద్‌కు దక్కింది. పెద్ద పోటీలు నిర్వహించే సత్తా తెలుగు నేలకు ఉందనడానికి ఇవి నిదర్శనం.

పోటీలు ముగిసి అతిథులు వెళ్లిపోయాక ఆ మైదానాల్లో స్థానిక బాలికలు ఎన్ని రోజులు ఆడుతున్నారన్నదే అసలు కొలమానం. మట్టి నేలపై బంతి గంతులేస్తుంది. సింథటిక్ మైదానంపై నేరుగా, వేగంగా దూసుకొస్తుంది. ఒకదానిపై నేర్చుకుని మరోదానిపై ఎంపిక పోటీలకు దిగే బాలిక మొదటి రోజే వెనుకబడిపోతుంది. ఏటా ఒకసారి జరిగే అంతర్ పాఠశాలల పోటీల్లో రెండు మ్యాచ్‌లు ఆడి ఇంటిముఖం పట్టే పరిస్థితి మారాలి. ప్రతి వారం మ్యాచ్ ఉండేలా మండలాల మధ్య లీగ్ నడపడానికి భారీ స్టేడియాలు అక్కర్లేదు. కర్రలు, గోల్‌కీపర్ రక్షణ సామగ్రి, ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, రానుపోను బస్సు ఛార్జీలు ఉంటే చాలు.

నేషన్స్ కప్ మరోసారి గెలిచి భారత జట్టు పైకి చేరగల సమర్థత ఉన్నదే. ఆ మీదట అక్కడ ఎన్ని సీజన్లు నిలుస్తుందన్నది మాత్రం ఇలాంటి మండల స్థాయి మ్యాచ్‌ల సంఖ్యపైనే ఆధారపడి ఉంటుంది.