జిప్సం లెక్క – గ్రంథచౌర్యంపై ఒక ఆలోచన

గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం కింద ఏర్పేడు మండలంలో గడిపి వచ్చిన విద్యార్థుల నివేదికలను ఒకసారి దిద్దుతుండగా, రెండింటిలో ఒకే వాక్యం కనిపించింది: వేరుశనగకు తొలిపూత దశలో ఎకరాకు 500 కిలోల జిప్సం వేయాలి. సిఫారసు హెక్టారుకు 500 కిలోలు, అంటే ఎకరాకు 200 కిలోలు. విద్యార్థులిద్దరూ వేర్వేరు గ్రామాల్లో ఉన్నవారు. తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితులు, ఒకే తప్పు రెండు ప్రతుల్లో కనబడితే రెండింటికీ మాతృక ఒక్కటేనని ఊహిస్తారు. ఇక్కడ మాతృక ముందటి సంవత్సరపు నివేదిక. దాని మాతృక ఏదో ఎవరూ చెప్పలేకపోయారు.

గ్రంథచౌర్యాన్ని మనం సాధారణంగా పరువుకు సంబంధించిన విషయంగా చూస్తాం. ఆ నష్టమూ చిన్నది కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన ఒక రసాయన శాస్త్ర ఆచార్యుని పేరిట వెలువడిన సుమారు 70 పత్రాలపై 2008లో అంతర్జాతీయంగా రేగిన వివాదం ఈ ప్రాంతపు పరిశోధకులకు ఇంకా గుర్తుంది. అయితే సస్యశాస్త్రంలో మూలం తెగిపోతే మొదట నష్టపోయేది రైతు. పై వాక్యాన్ని నమ్మినవాడు జిప్సానికి రెండున్నర రెట్లు ఖర్చు పెడతాడు.

మన ఫలితాలేవీ గాలిలో పుట్టవు. ప్రతి అంకె వెనుక ఒక నేల, ఒక రకం, ఒక వర్షపాతం ఉంటాయి. మూలాన్ని పేర్కొనడమంటే పేరు, సంవత్సరం కుండలీకరణాల్లో పెట్టడం మాత్రమే కాదు. ఆ ఫలితం ఎక్కడ చెల్లుతుందో పాఠకుడు వెదికి చూసుకొనే దారి చూపడం. ఏర్పేడు పక్కనే ఉన్న కాళహస్తి పేరిటే వేరుశనగకు ఒక తెగులు ఉంది. దానికి నులిపురుగు కారణమని విద్యార్థులు అందరికీ తెలిసిన సంగతిలా రాసేస్తారు. కాయలపై మచ్చలు చూసి, మట్టి తెచ్చి, కుండీల్లో పరీక్షించి ఆ సంగతిని రుజువు చేసినవారు ఉన్నారు. వారి పేరు ఒక్క పంక్తిలో చెరిగిపోతుంది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నియమావళి ప్రకారం సిద్ధాంత గ్రంథంలో 10 శాతం వరకు సారూప్యానికి శిక్ష లేదు. 60 శాతం దాటితే విద్యార్థి నమోదే రద్దవుతుంది. నియమం అవసరమే. కానీ దాని పుణ్యమా అని విద్యార్థి "ఎంత శాతం వచ్చింది సార్?" అని అడుగుతున్నాడే గాని, ఏ మాట ఎవరిదని తనను తాను ప్రశ్నించుకోవడం లేదు. ఇంగ్లీషు పత్రాన్ని తెలుగులోకి మార్చి రాస్తే యంత్రం చాలావరకు పట్టుకోదు. అది అనువాదమే, సొంత రచన కాదు. మూలపత్రం చదవకుండా మరొకరి సమీక్షలోంచి పేరు ఎత్తి రాయడమూ ఈ కోవలోనిదే. చదివింది సమీక్షనే అయితే ఆ సమీక్షనే పేర్కొనాలి.

తప్పు విద్యార్థులది మాత్రమే అనలేను. మనం రైతులకు పంచే కరపత్రాల్లో ఆధారం చూపినవి ఎన్ని? నేను రాసినవాటిలోనూ లేవు. మన నోట్సులోని పట్టికలు ఎవరివో చెప్పకుండా బోర్డుపై వేసి, వారిని మాత్రం ఆధారసూచి అడుగుతున్నాం.

ఆ రెండు నివేదికలను తిప్పి పంపాను. వారిలో ఒకరు మళ్లీ గ్రామానికి వెళ్లి, అక్కడి రైతు ఎకరాకు 50 కిలోల బస్తాలు నాలుగు వేశాడనీ, ఆ మోతాదు వ్యవసాయాధికారి చెప్పిందనీ రాసుకొచ్చాడు. దానికి మూలం ఎలా చూపాలని అడిగాడు. రైతు అనుమతి తీసుకొని, ఆయన పేరు, గ్రామం, మాట్లాడిన తేదీ రాసి, 'వ్యక్తిగత సమాచారం' అని పేర్కొనమన్నాను.