మాస్టారి మాట: పాత బిళ్ళల బేరం

పిల్లలూ!

మొన్న మా మనుమడు అటక మీది సీడీలు, డీవీడీలు దించి, "తాతయ్యా, ఇవి అమ్మి కథల పుస్తకాలు కొనుక్కుంటాను" అన్నాడు. మంచిదే! కాని అమ్మేవాడికి సరుకు గురించి తెలియాలి కదా?

సీడీ 1982లో అమ్మకానికి వచ్చింది. దాని అడ్డుకొలత 12 సెంటీమీటర్లు. పాటను మోసే అల్యూమినియం పొర, పేరు అచ్చువేసిన వైపునే, పలుచని పూత కింద ఉంటుంది. కనుక ఆ వైపు గీత పడితేనే ఎక్కువ నష్టం. డీవీడీలో ఆ పొర రెండు పలకల నడుమ భద్రంగా ఉంటుంది. బిళ్ళను మెత్తని గుడ్డతో నడుమనుండి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే గీత పాట దారి వెంటే పడి, చాలా భాగం చెడుతుంది.

ఇంట్లో నకలు తీసిన సినిమాలు అమ్మరాదు, అది చట్టవిరుద్ధం. వాటిని పక్కన పెట్టించాను.

తరువాత ఒక్కొక్కటే వేసి చూశాము. పేరులేని ఒక బిళ్ళలో, గతించిన వాడి నాయనమ్మ పాడిన లాలిపాట వినిపించింది! వాడు దానిని పది రూపాయల దొంతరలో పెట్టాడు. పాట ముగిసేదాకా ఇద్దరమూ మాట్లాడలేదు. తరువాత వాడు బిళ్ళను తుడిచి నా చేతికిచ్చాడు.

మిగిలినవి అమ్మి, రెండు పుస్తకాలు తెచ్చుకున్నాడు.

పాతవి అమ్మండి, పిల్లలూ! కాని ముందుగా ఒక్కసారి విని చూడండి.