బండి లాగితే మొదటి పని అలైన్‌మెంటు కాదు



మన పిల్లల్లో డ్యూ కట్టుకుంటా సొంతంగా పికప్ నడిపేవాళ్ళు ఇప్పుడు శానామంది. పొల్లాచ్చి టెంకాయలు, ఊటీనుంచి మేట్టుపాళయం మండీకి ఉర్లగడ్డ, మదురై మాట్టుతావణికి మల్లెపూలు, అన్నీ వాళ్ళ బండ్లమీదే పోతాయి. వాళ్ళలో చానామంది నోట వినే మాట ఇది: "పెద్దనాయనా, బండి ఎడంపక్కకు లాగతా ఉంది, అలైన్‌మెంటు చేసినా నిలవలేదు." నెల తిరక్కముందే మళ్ళీ అదే అంగడి, మళ్ళీ మెషీన్ కాగితం, మళ్ళీ డబ్బు. బండి లాగితే అలైన్‌మెంటు ఆఖరి పని అని నేనంటాను. దానికి ముందు చూడాల్సినవాటిలో సగానికి పైసా ఖర్చు లేదు.

ఎందుకంటే, 2005లో వచ్చిన టాటా ఏస్, అదే మన చిన్న యానై, దాన్నే తీసుకోండి. దాని ముందు చక్రాలు కారుకు మాదిరి వేరువేరుగా ఊగవు. రెంటికీ ఒకే ఇనుప యాక్సిల్, కమాను కట్టలు. అలాంటి బండిలో అలైన్‌మెంటువాడు స్పానరుతో తిప్పగలిగేది టై రాడ్ ఒక్కటే. అది తప్పుగా ఉంటే టైరు అంచు అరుగుతాది, స్టీరింగు వంకరగా నిలుస్తాది. ఎప్పుడూ ఒకే పక్కకు లాగడానికి మాత్రం కారణం మామూలుగా వేరేచోట ఉంటాది. యాక్సిల్ వంగినా, కింగ్ పిన్ అరిగినా, ఒకపక్క కమాను కట్ట కుంగినా ఎన్ని కాగితాలు తీసి ఏం లాభం?

ముందు రోడ్డు చూడండి. వాన నీళ్ళు పోయేదానికి మన రోడ్లు అంచువైపుకు వాలి ఉంటాయి. ఎడమన పోయే మనకు కొంచెం ఎడంపక్కకు జారడం రోగం కాదు. సమంగా ఉండే చోట, ఖాళీ బండితో చూడాల. తర్వాత గాలి. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు గేజి పెట్టి ముందు రెండూ సమంగా ఉన్నాయా చూడండి. గాలి తక్కువైన పక్కకే బండి లాగతాది. అదీ సరిగ్గా ఉంటే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చండి. లాగుడు కూడా పక్క మారిందా, తప్పు టైరుది. జాకీ ఉంటే అరగంట పని.

ఇంక వేడి. గూడ్సు బండి వచ్చి యార్డులో నిలిస్తే క్యారేజి వ్యాగను మనుషులు పక్కనే నడుస్తా ఒక్కో యాక్సిల్ బాక్సు దగ్గర చేతి వెనకపక్క పెట్టి చూసేవాళ్ళు. మా గూడ్సు ఆఫీసు కిటికీలోంచి ఎన్నో ఏండ్లు చూసినాను. అదే పని పికప్‌కూ చేయొచ్చు. వీలైనంత తక్కువ బ్రేకుతో పది కిలోమీటర్లు పోయి ఆపి, చక్రాల దగ్గర చేయి చూపండి, ముట్టుకోవద్దు. ఒకటి మాత్రం కాలిపోతా ఉంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. వీల్ సిలిండరు పట్టుకొని ఉండొచ్చు, స్ప్రింగు తెగి ఉండొచ్చు. పాత రబ్బరు గొట్టం లోపల ఉబ్బిపోయినా అంతే, ఆయిలు పోతాది, వెనక్కు రాదు.

బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే లాగితే అది వేరే కథ. ఆరోజు లోడు ఎత్తవద్దు. బండి బాగా పట్టే బ్రేకు వైపుకు పోతాది. కాబట్టి తప్పు శానాసార్లు ఎదుటి పక్కన ఉంటాది, అక్కడ ఆయిలు కారి లైనింగు తడిసి ఉంటాది. కుడికి లాగింది కదా అని కుడి చక్రమే విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించి పోయే పిల్లలున్నారు. ఊటీ ఘాటులో ఉర్లగడ్డ మూటలతో దిగేటప్పుడు అది ఏమవుతాదో చెప్పనక్కరలేదు.

వెనక యాక్సిల్‌ను ఎవరూ చూడరు. ముందు చక్రం మధ్యనుంచి వెనక చక్రం మధ్యకు టేపు పట్టి రెండుపక్కలా కొలవండి. తేడా ఉంటే సెంటర్ బోల్టు తెగిందో, యు క్లాంపు వదులైందో, యాక్సిల్ జరిగి ఉంటాది.

"మెకానిక్కు తెలియదా, మనకెందుకు" అంటారు. తెలుసు. కానీ మనం "అలైన్‌మెంటు చెయ్" అంటే అతను అలైన్‌మెంటే చేస్తాడు. "ఎడమ ముందు చక్రం వేడెక్కతా ఉంది" అంటే నేరుగా అదే విప్పుతాడు. డబ్బులు మిగిలేది ఆ ఒక్క మాటలోనే.

మన జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒకే ఒక బస్సుతో మొదలుపెట్టి తామే నడిపినారు. ఆయన పటానికి మాల వేసేదానికి మనకు డబ్బుంది, బండిలో గాలి గేజి పెట్టుకునేదానికి లేదు!

కమిటీవాళ్ళు వచ్చే మీటింగులో దీన్ని పెట్టండి. ఒక మంచి జాకీ, ఒక టేపు కొని మండపం వాచ్‌మన్ దగ్గర ఉంచితే ఆదివారం పొద్దున ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. గేజి నేను తెచ్చిస్తాను.