పాడుచేసినదాన్ని బాగుచేసే చట్టం

పర్యావరణ చట్టం అనగానే మనకు స్ఫురించేది నిషేధం. చెట్లు నరకరాదు, వన్యప్రాణులను వేటాడరాదు, వ్యర్థాలను నదిలో కలపరాదు. ఉన్నదాన్ని కాపాడుకోవటానికి ఇవి అవసరమే. మరి ఇప్పటికే పాడైపోయినదాని మాటేమిటి? పూడిపోయిన చెరువుకు, తేనెటీగలు వాలని పొలానికి నిషేధాలతోనే పూర్వస్థితి రాదు.

ఐరోపా సమాఖ్య 2024లో చేసిన ప్రకృతి పునరుద్ధరణ చట్టం ఈ ప్రశ్నకే సమాధానం వెతికింది. అక్కడ రక్షణ అవసరమని గుర్తించిన సహజ ఆవాసాల్లో 80 శాతానికి పైగా దుస్థితిలో ఉన్నాయి. అందుకే ఈ చట్టం గడువులు విధించింది. 2030 నాటికి సమాఖ్య భూభాగంలో, సముద్ర ప్రాంతంలో కనీసం 20 శాతం మేర పునరుద్ధరణ చర్యలు చేపట్టాలి. 2050 నాటికి అవసరమున్న జీవావరణాలన్నిటికీ వాటిని విస్తరించాలి. నదులకు అడ్డుగా ఉన్న నిరుపయోగ కట్టడాలను తొలగించాలి. పరాగ సంపర్కం జరిపే కీటకాల క్షీణతను 2030లోగా అరికట్టాలి. ప్రతి సభ్యదేశమూ తన ప్రణాళికను రూపొందించి సమర్పించాలి.

ఇది సునాయాసంగా ఆమోదం పొందలేదు. తమ భూమి, ఆదాయం తగ్గిపోతాయని రైతులు ఆందోళన చెందారు. ఐరోపా పార్లమెంటులో అనుకూలంగా 329, ప్రతికూలంగా 275 ఓట్లు పడ్డాయి. ఆహార భద్రతకు తీవ్ర ముప్పు ఏర్పడితే వ్యవసాయ భూములకు చెందిన నిబంధనలను తాత్కాలికంగా నిలిపివేసే వెసులుబాటును కూడా చట్టంలో చేర్చారు.

రైతుల భయాన్ని తేలిగ్గా తీసుకోరాదని మన కొల్లేరే చెబుతుంది. 1999లో ఆ సరస్సును ఐదవ కాంటూరు వరకు వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో దానికి రామ్‌సర్ గుర్తింపు లభించింది. 2006లో చేపల చెరువుల గట్లను పెద్దఎత్తున తెంచివేశారు. అయినా కాలక్రమంలో ఆక్రమణలు మళ్ళీ తలెత్తాయి. గట్టు తెంచటం ఒక్కరోజు పని. సరస్సును నిలబెట్టటం ఏళ్ళ తరబడి సాగవలసిన పని. నిరంతర పర్యవేక్షణ, సరస్సుపై ఆధారపడిన పేదలకు ప్రత్యామ్నాయ జీవనోపాధి లేనిదే అది సాధ్యం కాదు.

ప్రకృతి రక్షణకు హద్దులు నిర్ణయించటం మనకు కొత్త విషయమేమీ కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనా పరిసరాలను హరమ్‌గా ప్రకటించి, అక్కడ చెట్లు నరకటాన్ని, వేటాడటాన్ని నిషేధించారు. పచ్చిక బయళ్ళను అందరి మేలు కోసం ప్రత్యేకించే ‘హిమా’ పద్ధతి ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఉంది. ఒకరి లాభం కోసం అందరి వనరు నాశనం కాకూడదన్నదే అందులోని న్యాయం.

అందరిదీ అయిన వనరుకు కలిగిన నష్టాన్ని పూడ్చటం కూడా ఆ న్యాయంలో భాగమే. మన ఊరి చెరువు శిఖం ఎంత మేరకు ఉండేదో, ఇప్పుడెంత మిగిలిందో పెద్దలను అడిగి తెలుసుకుందాం. ఆ ప్రశ్నను గ్రామసభలో లేవనెత్తుదాం. అడిగేవారుంటేనే చట్టం కదులుతుంది.